గువ్వ చిమ్మట

పొద్దున లేవగానే ఆ ఊళ్ళో అందరూ ముందుగా చేసే పని, ఉన్నిబట్టలు కిటికీ దగ్గరికి తెచ్చి దులపడం. పళ్ళు తోముకోవడం కూడా ఆ తర్వాతే. దులపడమంటే దుమ్ము రేగ్గొట్టడం కాదు. భుజాల దగ్గర పట్టుకుని మెల్లగా రెండుసార్లు ఊపుతారు, అంతే. మడతల్లోంచి బియ్యపుగింజ కన్నా చిన్న చిమ్మటలు బయటపడి, వెలుతురు గిట్టక మళ్ళీ చీకటి వెతుక్కుంటూ పరిగెడతాయి. రెక్కలుండి కూడా ఎగరడానికి బద్ధకించే జాతి అది. ఎవరి చిమ్మట వాళ్ళకి కనిపిస్తే ఆ రోజుకి దిగుల్లేదు, పొయ్యి వెలిగించుకోవచ్చు.

ఊళ్ళో ఎందరు మనుషులో అన్ని రకాల చిమ్మటలు. బిడ్డ పుట్టగానే మొదటి ఉన్ని చొక్కా తొడుగుతారు. కొన్నాళ్ళకి ఆ చొక్కా మడతల్లోంచి ఆ బిడ్డ రకం బయటికొస్తుంది. అంతకుముందు ఆ రకం ఎక్కడా లేదు, ఆ మనిషి తర్వాత ఎక్కడా ఉండదు. అన్నీ ఒకే కుటుంబానికి చెందిన పురుగులే కాబట్టి పోలికలు బాగానే కలుస్తాయి. అన్నిటికీ దువ్వెన ఎరగని తలలు, సన్నటి రెక్కలు, రెక్కల చివర కుచ్చులు. బయటి ఊరి నుంచి వచ్చినవాళ్ళకి అన్నీ ఒకటే పురుగు. ఇంట్లోవాళ్ళు మాత్రం చుక్కని బట్టీ, మెరుపుని బట్టీ, పరిగెత్తే తీరుని బట్టీ ఇది ఫలానావాళ్ళదని ఇట్టే చెప్పేస్తారు.

ఇంకో సంగతి కూడా అందరికీ తెలుసు. చిమ్మట పిల్లపురుగు దేన్ని తింటుందో మనిషి బతుకు దాని వెంటే పోతుంది. గొర్రెల కొట్టంలో మేసే రకంతో పుట్టినవాణ్ణి ఎంత చదివించినా చివరికి మంద దగ్గరే తేలాడు. గోడకి పట్టిన బూజు తినే రకంతో పుట్టినాయన గిడ్డంగి కింద నేలమాళిగలో కాపలా ఉంటాడు, ఎండలోకి రమ్మంటే తలనొప్పంటాడు. దీని గురించి ఎవరూ వాదించుకోరు.

ఆ ఊళ్ళో చిరిగిన బట్టలు బాగుచేసే రఫూ కొట్టు వీధి గదిలో ఉంది, కాపురం వెనక గదుల్లో. ఇంట్లో నలుగురు. అత్తగారి చిమ్మట వెండిరంగుది, ఈకలు తప్ప ఇంకోటి ముట్టదు, ఆవిడ దిండులోనే ఉంటుంది. ఆవిడా అంతే, మంచం దిగకుండా దిండుకి ఆనుకునే ఇల్లంతా ఏలుతుంది. ఆవిడ కొడుకు బస్సు డిపోలో సీట్లు కుడతాడు. అతని రకం సీట్లలో దట్టించే గుర్రపు వెంట్రుకలు తింటుంది. తన పురుగుల్ని పలకరించడానికే మా ఆయన డిపోకి అంత పొద్దున్నే పరిగెడతాడని భార్య వేళాకోళం చేస్తుంది. ఆ భార్యే కొట్టు నడిపే రఫూ ఆవిడ. ఆవిడ చిమ్మట పసుపు తలది. నల్ల శాలువాలో ఉంటుంది, పోగులు లేచిన అంచులే తింటుంది, నడిమికి రాదు. చిరుగులు బాగుచెయ్యడానికే పుట్టిన మనిషి మరి.

నాలుగోది గువ్వ. పదేళ్ళ పిల్ల. బడిలో పేరు వేరే ఉంది గానీ ఇంట్లో గువ్వే. మహా పిరికిది. ఉరిమితే భయం, కుక్క మొరిగితే భయం, కొత్తవాళ్ళు పేరడిగితే భయం. బడి నుంచి రాగానే కొట్టులో బల్ల కింద దూరి, తల్లి తెంపి పడేసిన పోగుల్ని రంగుల వారీగా ఏరి ఉండలు చుడుతుంది. ఆ రోజు తను దేనికి భయపడిందో అక్కడి నుంచే ఒక్కొక్కటీ చెబుతుంది. తల్లి పైన సూది ఆపకుండా ఊఁ కొడుతుంది. ఈ పిల్ల నన్ను వదిలి ఎక్కడికీ పోదు, నా తర్వాత ఈ బల్ల దీనిదే అని రఫూ ఆవిడకి గట్టి నమ్మకం. గువ్వ చిమ్మట బూడిదరంగుది. దాని పిల్లపురుగు తను తిన్న పోగులతోనే చిన్న గూడు నేసుకుని, తల మాత్రం బయటపెట్టి, ఆ గూటిని ఈడ్చుకుంటూ తిరుగుతుంది. పుట్టినప్పుడు నాయనమ్మ అల్లిన బూడిదరంగు స్వెట్టరే దానికి ఇల్లూ, అన్నమూ. పిల్ల ఎదిగినకొద్దీ అదే గొర్రె ఉన్ని కలిపి దాన్ని విప్పి అల్లుతూ వచ్చారు.

ఆ రోజు కూడా రఫూ ఆవిడ ఆ స్వెట్టరు కిటికీ దగ్గర పట్టుకుని రెండుసార్లు ఊపింది. ఏమీ రాలేదు. ఇంకోసారి ఊపింది. మెడపట్టీ, చేతుల మడతలు, అడుగు అంచు అన్నీ వేళ్ళతో తడిమింది. చేతికి మెత్తటి అల్లిక తప్ప ఇంకేమీ తగల్లేదు.

"గువ్వది కనిపించిందా, అమ్మాయ్?" అత్తగారు మంచం మీంచే అడిగింది. రోజూ అడిగే మాటే.

"కనిపించింది అత్తయ్యా."

ఎందుకు అబద్ధమాడిందో ఆవిడకే తెలీదు. నిజం చెబితే అది నిజమైపోతుందని భయమేసింది.

మర్నాడూ కనిపించలేదు. ఆ తర్వాత కూడా లేదు. గువ్వ బడి నుంచి వచ్చి బల్ల కిందికి వెళ్తోంది గానీ పోగులు ఏరకుండా పడుకుంటోంది. దేనికి భయపడిందో చెప్పడం మానేసింది. నుదురు తాకితే జ్వరం లేదు. జ్వరం ఉంటే బాగుండునని తల్లికి అనిపించింది. చల్లగా ఉంది, వాడని గదిలో గోడలా.

రొట్టెల కొట్టాయన తమ్ముడి సంగతి ఆవిడకి ఊరికే గుర్తుకొస్తోంది. వానాకాలంలో అతని రకం కనిపించడం మానేసింది. ఇంట్లోవాళ్ళు కోట్లన్నీ వెతికారు, దుప్పట్లు వెతికారు. చలి మొదలయ్యాక ఒక పొద్దున అతని మంచం ఖాళీగా ఉంది. తలుపు గడియ లోపల వేసినట్టే ఉంది, చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. ఎటు పోయాడని ఎవరూ అడగలేదు. ఆ రోజు రొట్టెల కొట్టు కాస్త ఆలస్యంగా తెరిచారు, అంతే తేడా. అప్పుడు రఫూ ఆవిడ కూడా వెళ్ళి రొట్టె కొనుక్కుని, పాపం అనుకుని, ఇంటికొచ్చి తినేసింది.

ఇక ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం కొట్టు తలుపు మూసేసి, స్వెట్టర్ని తిరగేసి బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి చూసింది. ఎక్కడా ఒక్క చిరుగు లేదు. ఎంత శుభ్రంగా కుట్టానో అని ముందు గర్వంగా అనిపించింది. మరుక్షణం, చిరుగు లేదంటే పురుగు తినడంలేదనే కదా అని తోచింది.

ఒక పోగు లాగి అగ్గిపుల్ల మంట దగ్గర పెట్టింది. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసనొచ్చి బూడిదవ్వాలి. ఇది ముడుచుకుపోయి నల్లటి ఉండ కట్టింది. నైలాను. వీపు దగ్గర ఇంకో పోగు లాగింది. నైలాను. చేతి దగ్గర, మెడ దగ్గర, గుండీల కింద ఎక్కడ లాగినా అంతే. అగ్గిపెట్టె అయిపోయేదాకా లాగుతూనే ఉంది.

ఇది ఇంకెవరూ చెయ్యగలిగిన తప్పు కాదు. ఊళ్ళో అందరి బట్టలకీ చిరుగులుంటాయి, అందులో సిగ్గుపడేదేమీ లేదు. చిరుగు మరీ పెద్దదై చలి దూరితేనే రఫూకి తెస్తారు. అప్పుడు కూడా ఆవిడ ఎవర్నైనా అడిగే మొదటి మాట "ఎంత వదలమంటారు?" అనే. అంచున వేలెడో బెత్తెడో వాళ్ళ పురుగుకి వదిలేసి, మిగతాది కుట్టి ఇస్తుంది. ఊళ్ళో ప్రతివాళ్ళకీ వదిలింది. సొంత కూతురికి వదల్లేదు. రఫూ ఆవిడ కూతురు చిరుగుల స్వెట్టరుతో బడికెళ్తే నలుగురూ ఏమనుకుంటారని, చిల్లు కనిపించిన సాయంత్రమే కుట్టేసేది. త్వరగా పాడవకూడదని గట్టి నైలాను దారం, అచ్చం అదే బూడిదరంగు అద్దించి మరీ. పురుగు ఒక పోగు తింటే ఆవిడ ఒక పోగు నేసింది. అది తింటూ పోయింది, ఈవిడ నేస్తూ పోయింది. కొన్నేళ్ళకి ఆ స్వెట్టర్లో స్వెట్టరు మిగల్లేదు.

సాయంత్రం భర్త రాగానే అతనికీ అత్తగారికీ కలిపి చెప్పేసింది. తిడతారనుకుంది. అత్తగారు తిట్టలేదు. ఆవిడ తిట్టకపోవడమే రఫూ ఆవిడని ఇంకా భయపెట్టింది.

"అదే ఉన్ని ఇంకేమైనా మిగిలిందా అత్తయ్యా? పెట్టెలో గానీ, అటక మీద గానీ?"

"అంతా దానికే అల్లేశాను కదే. ఆ గొర్రె చచ్చిపోయి ఎన్నాళ్ళైందో." అంది ఆవిడ. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది.

భర్త చాలాసేపు గువ్వ పాదాలు రుద్దుతూ కూచున్నాడు. అవి వేడెక్కలేదు. "రేపు నేను పనిలోకి వెళ్ళను. దీని దగ్గరుంటాను. నువ్వు సీసాల మాస్టారి దగ్గరికి వెళ్ళు" అన్నాడు. అతను పని మానేస్తానన్నాడంటే ఎంత భయపడ్డాడో ఆవిడకి అర్థమైంది.

సీసాల మాస్టారు పాఠాలు చెప్పే మాస్టారు కాదు. పురపాలక కార్యాలయంలో వెనకగది ఆయనది. ఊళ్ళో ప్రతి రకం చిమ్మటలోంచీ ఒక మగదాన్నీ ఒక ఆడదాన్నీ గాజుగొట్టాల్లో దాచి ఉంచడం ఆయన ఉద్యోగం. గది నిండా గోడలకి ఊరంతా చిన్న చిన్న గొట్టాల్లో నిలబడి ఉంటుంది. కవలపిల్లల చిమ్మటలు వచ్చినప్పుడు మాత్రం ఆయనకి చెమటలు పడతాయి. పైకి ఏ తేడా ఉండదు. సూదిమొనతో పొట్ట విప్పి లోపలి భాగాలు చూస్తే గానీ రెండూ వేరు రకాలని తేలదు.

రఫూ ఆవిడ వెళ్ళేసరికి ఆయన టిఫిను తింటున్నాడు. ఆవిడ ముఖం చూసి డబ్బా మూత పెట్టేశాడు. స్వెట్టరు దాచే అలమర అడుగున ఊడ్చి కాగితంలో పొట్లం కట్టిన దుమ్ము ఆవిడ చేతిలో ఉంది. ఆయన దాన్ని పళ్ళెంలో పోసి, కుంచెతో కెలికి, ఒక చిన్న ఎండుగూటిని పక్కకి తీశాడు.

"ఇది ఆకలితో పోయిందమ్మా. మీ అమ్మాయిదే."

రఫూ ఆవిడ ఆ గూటి మీదికి వంగింది.

"కానీ ఇది ఒకటే. మిగతావేవి?" అన్నాడాయన, దుమ్ము మళ్ళీ కెలుకుతూ. "ఆకలేస్తే ఇవి ఊరికే కూచుని చావవు. గూడు భుజాన వేసుకుని నడిచిపోతాయి. పక్కన ఏ ఉన్ని దొరికితే దాంట్లోకి ఎక్కేస్తాయి. ఈ స్వెట్టరు ఎక్కడ వేలాడదీసేవాళ్ళు?"

"కొట్టులోనే. కుట్టాక మడత చదునవ్వడానికి గిరాకీ వాళ్ళ కోట్ల పక్కన దండేనికి వేసేదాన్ని."

"అయితే వాటిలో వెతకండి. రెక్కలు చూడొద్దు, గూళ్ళు చూడండి. పాత కొస మీ బూడిదరంగుదే ఉంటుంది. కొత్త కొస ఏ రంగుంటే, అదే ఇప్పుడది తింటున్న మేత."

"దొరికితే తెచ్చుకోవచ్చా?"

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కొత్త మేతకి అలవాటు పడితే కదపకూడదమ్మా. కదిపితే చస్తుంది. ఇంకో మాట కూడా చెబుతాను. మేత మారితే రకం మారుతుంది. ఒక కుటుంబంలో ఇన్ని రకాలు ఊరికే రాలేదు, ఎప్పుడో ఆకలికి నడిచిపోయినవే ఇవన్నీ."

"రకం మారితే మా పిల్ల ఉంటుందా, ఉండదా?"

"ఉంటుంది" అన్నాడు మాస్టారు. పళ్ళెంలో దుమ్ము పక్కకి నెడుతూ, "ఎవరిగా ఉంటుందో నన్నడక్కండి" అన్నాడు.

రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాక ఆవిడకి అసలు భయం పట్టుకుంది. ఈ మధ్య దండేనికి వేలాడి, తిరిగి వెళ్ళిపోయిన బట్టలు మూడు. ఒకటి టీచరమ్మ శాలువా, ఒకటి జైలు కాపలావాడి పెద్దకోటు, ఇంకోటి పడవాయన కోటు. టీచరమ్మ శాలువాలోనే ఉండాలి, అక్కడే ఉండాలి అనుకుంటూ ఆవిడ పరిగెత్తినట్టే నడిచింది. టీచరుగానైనా బతుకుతుంది, పక్క వీధిలోనే ఉంటుంది.

మనిషి కోటు వెతుకుతాననడం ఆ ఊళ్ళో చిన్నమాట కాదు. అయినా సంగతి విని టీచరమ్మ మారుమాట్లాడకుండా శాలువా తీసిచ్చింది. రఫూ ఆవిడ అంగుళం అంగుళం వెతికింది. ఎర్రమచ్చల చిమ్మటలు తప్ప ఏమీ లేవు. "నావేనా?" అంది టీచరమ్మ మెల్లగా, తనకీ భయమేసి. "మీవే, బాగానే ఉన్నాయి" అని చెప్పి శాలువా మడతపెట్టి ఇచ్చేసింది.

తర్వాత జైలు కాపలావాడి ఇంటికి వెళ్ళింది. అతను రాత్రి కాపలా చేసి నిద్రపోతున్నాడు, భార్య కోటు తెచ్చి గుమ్మంలోనే పడేసి, "త్వరగా కానివ్వు, ఆయన లేస్తే నన్ను చంపుతాడు" అంది. ఆ కోటు బరువుకే రఫూ ఆవిడ చేతులు లాగేశాయి. లోపల తాళాల వాసన, చెమట వాసన. ఆ గోడల మధ్య గువ్వ పెద్దదై తిరగడం కళ్ళ ముందు ఆడింది. భగవంతుడా ఇక్కడ వద్దు అనుకుంటూ జేబు తిరగేసేసరికి మూలలో బూడిదరంగుది ఏదో కదిలినట్టైంది. గోటితో తీసి చూస్తే ఉత్త నూలుపీచు. కోటంతా వెతికింది. లేదు. అక్కడ దొరకనందుకు అమ్మయ్య అనుకుంది. రెండడుగులు వేశాక, ఎక్కడా దొరకదేమోనన్న ఆలోచన వచ్చి, వీధిలో గోడకి ఆనుకుని ఏడ్చింది.

నది ఊరి అంచున ఉంది. వంతెన లేదు, అటూ ఇటూ తిరిగేది ఒకటే పడవ. ఎక్కినవాళ్ళే వంతులవారీగా తెడ్లు వేస్తారు, పడవాయన వెనక కూచుని చుక్కాని పట్టుకుంటాడు. ఆయన రోజంతా ఆ నీలం కోటు విప్పడు. రఫూ ఆవిడ చేరేసరికి పడవ ఇటు ఒడ్డునే ఉంది. ఆయన బల్ల మీద కూచుని జనం కోసం చూస్తున్నాడు.

"బాబాయ్, నీ కోటు ఒక్కసారి చూడాలి."

"కుట్టు బాగానే ఉందమ్మా, ఊడలేదు."

"కుట్టు గురించి కాదు."

ఆయన ఆవిడ ముఖం చూసి లేచాడు. కోటు విప్పి ఇచ్చి, చలికి చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. ఆవిడ లోపలి అస్తరు తిరగేసింది. చంక కింద కుట్టు వెంబడి అవి కనిపించాయి. చిన్న గూళ్ళు, వరసగా, ఒక కొస బూడిదరంగు, ఒక కొస నీలం. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఆవిడ కోటుతో ఇసకలో కూచుంది. బతికే ఉన్నాయి అనుకుని, మళ్ళీ దగ్గరగా చూసింది. బూడిదరంగు కన్నా నీలమే ఎక్కువగా ఉంది.

"మా గువ్వవి, బాబాయ్."

"ఓహో. అందుకేనా, నాలుగు రోజులుగా ఒకటే దురద" అన్నాడాయన, తేలిగ్గా.

"నీవి కూడా ఇందులోనే ఉంటాయిగా? ఇవి వాటి కూడు లాక్కోలేదు కదా?"

"నావి వానల ముందే తగ్గిపోయాయమ్మా. ఈ మధ్య అసలు కనిపించడంలేదు. వయసైంది. వీటికీ నాకూ సంబంధం లేదు, నువ్వు దిగులు పెట్టుకోకు." ఏదో పాత చొక్కా గురించి చెప్పినట్టు చెప్పాడు.

రఫూ ఆవిడ చేతి సంచిలో కత్తెర ఉంది. అస్తరు ముక్క కత్తిరించి తీసుకుపోతే? మాస్టారు కదపొద్దన్నాడు సరే, కోటు మొత్తం తీసుకుపోతే అది కదపడం కాదుగా? ఆయన కాదనడు, ఆవిడకి తెలుసు. కోటు గుండెకి హత్తుకుని లేచి, ఊరి వైపు నడిచింది. మెట్లెక్కి, గట్టు మీద ఎండలో ఆగి, అస్తరు తిప్పి చూసింది. గూళ్ళన్నీ మూతలు బిగించుకున్నాయి. ఒక్క తలా బయట లేదు. చూస్తుండగానే ఒకటి పట్టు వదిలేసి రాలి కిందపడింది. ఆవిడ దాన్ని అరచేతిలోకి తీసుకుని, మెట్లు దిగి నీళ్ళ దగ్గరికి పరిగెత్తింది. కోటుని నీళ్ళ మీదికి వంచి పట్టుకుంది. తేమ తగిలి కాసేపయ్యాక ఒక గూటిలోంచి తల బయటికొచ్చింది. తర్వాత ఇంకోటి. అరచేతిలోది కదల్లేదు.

"ఉన్ని ఒకటే కాదమ్మా అవి తినేది. నావీ అంతే, నది ఆవిరి లేకపోతే ముట్టేవి కాదు" అన్నాడు పడవాయన.

ఆవిడ కోటు ఆయన భుజాల మీద తనే కప్పింది. ఒకవైపు పురుగులు తిని చలి దూరే చోటు చేతికి తగిలింది. ఈసారి కుట్టలేదు. ఇంటికి పరిగెత్తింది.

గువ్వ మంచం ఖాళీగా ఉంది.

దుప్పటి మడత నలగలేదు. చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. రఫూ ఆవిడ గదులన్నీ తిరిగింది, బల్ల కింద చూసింది. అత్తగారు మంచం మీంచి, "పెరట్లో ఉంది. లేచి తిండి పెట్టమంది, తనే మంచం సర్దుకుంది" అంది. ఆ గొంతులో సంతోషం ఉండాలి, లేదు. పెరట్లో భర్త మెట్టు మీద కూచుని కూతుర్ని కన్నార్పకుండా చూస్తున్నాడు. గువ్వ ఉత్తికాళ్ళతో నిలబడి, తడివేలు పైకెత్తి గాలి చూస్తోంది. తల్లి వెళ్ళి చేతులు పట్టుకుంది. వెచ్చగా ఉన్నాయి. ఆవిడ పిల్లని గట్టిగా వాటేసుకుంది.

"అమ్మా, గాలి తిరిగింది" అంది గువ్వ ఆ చేతుల మధ్యలోంచి. "ఈ గాలికి పడవ కిందికి కొట్టుకుపోతుంది. కాస్త ఎగువ నుంచి వదలాలి."

ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగి పడవెక్కలేదు.

తర్వాత రోజుల్లో గువ్వ బాగా తిన్నది, బడికెళ్ళింది, బుగ్గల్లో రంగొచ్చింది. కుక్క మొరిగితే తలతిప్పి చూసి ఊరుకునేది. ఒక సాయంత్రం తల్లే పిలిచింది, పోగులు ఏరుదువు గానీ రమ్మని. వచ్చింది. బల్ల కింద కూచుని, అడిగినవన్నీ ఏరి, ఇంకేమైనా ఉన్నాయా అని చుట్టపుచూపుగా వచ్చిన పిల్లలా అడిగి, లేచి వెళ్ళింది. ఈవేళ దేనికి భయపడ్డావు తల్లీ అని అడగాలని ఆవిడ నోటిదాకా వచ్చింది. లేదంటుందేమోనని అడగలేదు.

"నన్ను నది దగ్గరికి తీసుకెళ్ళు" అని గువ్వ అడిగిన రోజు ఇంట్లో ఎవరూ కాదనలేదు. నాయనమ్మ మంచం మీద లేచి కూచుని పిల్ల తల నిమిరింది. తండ్రి డిపోకి వెళ్ళకుండా గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. తల్లి వెంట వెళ్ళింది. ఒడ్డుకి చేరగానే పడవాయన చుక్కాని పక్కన కాస్త జరిగి చోటిచ్చాడు. గువ్వ పడవెక్కి కూచుంది. జనం ఎక్కారు, తెడ్లు నీళ్ళలో పడ్డాయి. తల్లికి ఎక్కాలనే ఉంది, ఎక్కలేదు. పడవ చిన్నదై, అవతలి ఒడ్డున పొగమంచులో కలిసిపోయింది.

ఆవిడ కదలకుండా నిలబడింది. పడవ తప్పిపోయినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆవిడ వెనక వరసకట్టారు. బరువులు దించుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. చాలాసేపటికి పడవ తిరిగి కనిపించింది. ఎగువ నుంచి వస్తోంది, గాలికి తగ్గట్టు, ఎక్కడా తడబడకుండా. దగ్గరికొచ్చేకొద్దీ తెడ్లు వేసేవాళ్ళ ముఖాలు తెలిశాయి. వెనక నీలం కోటు తెలిసింది. కోటు మోకాళ్ళు దాటి కిందికి జారుతోంది, చేతులు మడిచి ఉన్నాయి. చుక్కాని పట్టుకున్నది గువ్వ. పక్కన చోటు ఖాళీగా ఉంది.

పడవ ఇసకని ఒరుసుకుని ఆగింది. అవతలివాళ్ళు దిగి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. ముసలాయన ఏడని వాళ్ళెవరూ అనలేదు, ఇక్కడివాళ్ళూ అడగలేదు. రఫూ ఆవిడ నీళ్ళ అంచున నిలబడి కూతురి ముఖంలోకి చూసింది.

గువ్వ తల్లి వైపు చూసింది, తర్వాత తల్లి వెనక నిలబడ్డ జనం వైపు చూసింది.

"ఎక్కుతావా అమ్మా?" అంది. "ఎక్కకపోతే కాస్త పక్కకి జరుగు, వెనక జనం ఉన్నారు."

రఫూ ఆవిడ పక్కకి జరిగింది.